పళ్ళ సెట్టు డబ్బాలోకి ఎందుకు చేరుతోంది?

ఎడిటర్ గారికి నమస్కారం.

పళ్ళు ఊడిపోయినవాళ్ళకి ఏమేం దారులున్నాయో చెబుతూ మీ ఆరోగ్యం పేజీలో వేసిన వ్యాసం చదివాను. పేజీలో ముప్పాతిక వంతు ఇంప్లాంట్లకే, అంటే దవడ ఎముకలో బిగించే కృత్రిమ వేళ్ళకే పోయింది. కట్టుడు పళ్ళకి చివర్లో రెండంటే రెండు వాక్యాలు మిగిలాయి, అందులో ఒకటి ఇది పాత పద్ధతి, సౌకర్యంగా ఉండదు అని తేల్చేసింది. పక్కన బాక్సు కట్టి అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ చెక్క పళ్ళు పెట్టుకునేవాడని కూడా వేశారు. అది తప్పు, దాని సంగతి తర్వాత చెబుతాను, ముందు ఆ రెండు వాక్యాల సంగతి చూద్దాం.

నేను పళ్ళ ల్యాబ్‌లో టెక్నీషియన్ని. సెట్లు తయారుచేయడమే నా పని కాబట్టి నా మాటల్లో కొంత పక్షపాతం ఉందని ఎవరైనా అంటే అనొచ్చు, కానీ ఇంప్లాంట్ల మీద నాకేం కోపం లేదు, వాటి మీద కూర్చునే పళ్ళూ మాలాంటివాళ్ళు చేసేవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 60 ఏళ్ళు దాటినవాళ్ళలో దాదాపు 23 శాతం మందికి నోట్లో ఒక్క పన్ను కూడా మిగల్లేదు, 20 దాటిన వాళ్ళందరినీ కలిపి చూసినా అది 7 శాతం దాకా ఉంది. ఇంతమందిలో సర్జరీకి తట్టుకునే ఒళ్ళూ, దవడలో చాలినంత ఎముకా, చేతిలో డబ్బూ మూడూ ఉన్నవాళ్ళు ఎందరో మీరే ఊహించండి. మిగతావాళ్ళకి దిక్కు తీసి పెట్టుకునే సెట్టే. వాళ్ళకి పనికొచ్చే ముక్క ఒక్కటైనా ఆ పేజీలో ఉండాల్సింది.

మా ల్యాబ్ క్లినిక్‌ని ఆనుకునే ఉంటుంది, మాటలు చెవిన పడుతూనే ఉంటాయి. కొన్నేళ్ళ కిందట చేయించుకున్న సెట్టు అంటూ ఎవరో పట్టుకొస్తారు, చేతిలోకి తీసుకుని చూస్తే నమిలే పళ్ళ మీద అరుగుదల అన్నదే ఉండదు, నిన్న పాలిష్ చేసినట్టు ఉంటుంది. ఏమైందండీ అంటే, పెట్టుకుంటే నొప్పి, కిందది నిలవదు, మాట రాదు, ఇక డబ్బాలో పెట్టేశాం అంటారు. సెట్టు సరిగా చేయకపోతే అలా కావచ్చు, కాదనను. కానీ నేను చూసినంతలో ఎక్కువసార్లు సెట్టు బాగానే ఉంటుంది, దాన్నుంచి ఏమి ఆశించొచ్చో, ఏమి ఆశించకూడదో, నోరు అలవాటు పడటానికి ఎంత కాలం పడుతుందో, ఎప్పుడు మళ్ళీ డాక్టర్ దగ్గరికి రావాలో చెప్పినవాళ్ళే ఉండరు. పెట్టుకున్న రోజు అద్దంలో చూసుకుని నవ్వి వెళ్ళిపోతారు, ఆ తర్వాత నెల తిరక్కుండా అది అటకెక్కుతుంది.

అసలు విషయం ఏమిటంటే సొంత పన్ను ఎముకలో పాతుకుని ఉంటుంది, ఎముకకీ దానికీ మధ్య సన్నటి పొర ఒకటి ఉండి ఎంత గట్టిగా కొరుకుతున్నామో మెదడుకి చెబుతూ ఉంటుంది. సెట్టు కూర్చునేది చిగురు మీద. నమలడం చిగురు చేయాల్సిన పని కాదు, ఎముక మీద పరచుకున్న మెత్తటి చర్మం అది, దాని మీద గట్టి ప్లాస్టిక్ పెట్టి నొక్కుతున్నాం. అందుకే రెండు దవడలకీ సెట్టు పెట్టుకున్నవాళ్ళ కొరుకుడు బలం సొంత పళ్ళున్నవాళ్ళతో పోలిస్తే నాలుగో వంతు, అంతకన్నా తక్కువే ఉంటుంది. ఎంత ఖరీదు పెట్టినా, ఎంత పేరున్న డాక్టర్ చేసినా ఈ లెక్క పెద్దగా మారదు. ఈ ఒక్క మాట ముందే చెబితే సగం మంది నిరాశ పడరు.

పైది, కిందది ఒకేలా ఉండవు. పై సెట్టు అంగిలి అంతా కప్పుతుంది, మధ్యలో పల్చటి ఉమ్మి పొర ఉంటుంది, తడిపిన రెండు గాజు పలకలు ఒకదానికొకటి అతుక్కుంటాయే, అలా పట్టుకుంటుంది. అంచులన్నీ పెదవి లోపలా, బుగ్గల లోపలా, వెనక అంగిలి మెత్తబడే చోటా గాలి దూరకుండా మూసుకుంటే ఆ పట్టు ఇంకా గట్టిపడుతుంది. కింద సెట్టుకి ఈ అదృష్టం లేదు. మధ్యలో నాలుక ఉంది కాబట్టి అది గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది, చిగురు మీద ఆనే చోటు పైదాంట్లో సుమారు సగమే ఉంటుంది, పైగా మాట్లాడినా మింగినా నాలుక, బుగ్గలు, పెదవి మూడు వైపుల నుంచీ దాన్ని కదుపుతూనే ఉంటాయి. కాబట్టి కింద సెట్టు కొంచెం కదలడం దాని స్వభావం. అలవాటైనవాళ్ళు తెలియకుండానే నాలుకతో, బుగ్గలతో దాన్ని అదిమి పెట్టుకోవడం నేర్చేసుకుంటారు, ఎలా పెట్టుకుంటున్నారని అడిగితే వాళ్ళే చెప్పలేరు. నాలుకని ఎప్పుడూ వెనక్కి లాక్కుని ఉంచేవాళ్ళకి అది లేచిపోతూ ఉంటుంది, నాలుక కొస కింది ముందు పళ్ళ వెనక ఆనించి ఉంచమని డాక్టర్లు చెప్పేది అందుకే.

ఇక ఎవరూ చెప్పని రెండో సంగతి, ఎముక. పన్ను పీకేశాక దాన్ని పట్టుకుని ఉన్న ఎముకకి పని ఉండదు, అది కరుగుతుంది. మొదటి ఆరు నెలల నుంచి ఏడాది దాకా వేగంగా, ఆ తర్వాత నెమ్మదిగా, కానీ ఆగకుండా. సెట్టు పెట్టుకున్నవాళ్ళని 25 ఏళ్ళ పాటు గమనించి 1972లో అచ్చు వేసిన ఒక పరిశీలనలో కింది దవడ ఎముక పైదానికన్నా దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ తరిగిపోయిందని తేలింది. అంటే సెట్టు మారదు, దాని కింద నోరు మారుతుంది. చేయించుకున్న కొత్తలో అతికినట్టు కూర్చున్నది కొన్నేళ్ళకి వదులైతే అది డాక్టర్ మోసం కాదు, ల్యాబ్ నాసిరకం కాదు. అప్పుడు లోపలి వైపు కొత్త పొర వేయించుకోవాలి, రీలైనింగ్ అంటాం, లేదా అరుగుదల మరీ ఎక్కువైతే కొత్తది చేయించుకోవాలి. ఒక సెట్టు మామూలుగా ఐదు నుంచి ఎనిమిదేళ్ళ దాకా బాగా పనికొస్తుంది అనుకోండి. ఇరవై ఏళ్ళ నాటి సెట్టుని గర్వంగా చూపించేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ నోరు చూస్తే నమిలేది చిగుళ్ళతోనే అని తెలిసిపోతుంది.

పళ్ళు పీకిన రోజే పెట్టేసే సెట్లు కూడా ఉన్నాయి. బోసి నోటితో నలుగురిలో తిరగక్కర్లేదు కాబట్టి మంచిదే. కాకపోతే అది గాయం మానక ముందు నోటికి చేసింది, వాపు తగ్గి, ఎముక తగ్గి కొన్ని నెలల్లో వదులవడం ఖాయం, దానికి మళ్ళీ లోపలి పొర వేయించడం ముందే లెక్కలో వేసుకోవాలి. "ఒక్క రోజులో కొత్త పళ్ళు" అని ప్రకటనలు వేసేవాళ్ళు ఈ ముక్క ఎక్కడా అచ్చు వేయరు. ఆ ప్రకటనలు మీ పత్రికలోనూ వస్తుంటాయి, ఏమీ అనుకోకండి.

మా పని ఎలా జరుగుతుందో కొంచెం చెబుతాను, ఎందుకంటే పెట్టుకునేవాళ్ళు నోరు తెరవాల్సిన చోటు ఒకటుంది, అక్కడే మొహమాటపడతారు. ముందు నోటి అచ్చు తీస్తారు, దాన్నుంచి ప్లాస్టర్ నమూనా పోసి, ఆ నోటికే సరిపోయే ట్రే ఒకటి చేస్తాం, దాంతో మళ్ళీ జాగ్రత్తగా రెండో అచ్చు తీస్తారు. ఆ సమయంలో పెదవి కదపమని, బుగ్గలు పీల్చమని, మింగమని డాక్టర్ చెప్పేది ఊరికే కాదు, అంచులు ఎక్కడిదాకా రావచ్చో ఆ కదలికలే చెబుతాయి. తర్వాత మైనపు కట్టలు పెట్టి పై దవడకీ కింది దవడకీ మధ్య ఎంత ఎత్తు ఉండాలో, రెండూ ఎలా మూసుకుంటాయో కొలుస్తారు. ఆ కొలత మా దగ్గరికి వచ్చాక మైనంలో పళ్ళు ఒక్కొక్కటి పేరుస్తాం, పైన 14, కింద 14. దాన్ని నోట్లో పెట్టి చూపిస్తారు. ఇదీ అసలైన ఘట్టం.

మైనంలో ఉన్నంతసేపు పళ్ళని ఎటంటే అటు జరపొచ్చు. ముందు పన్ను కొంచెం పొడవుగా ఉందా, నవ్వితే మరీ చిగురు కనబడుతోందా, మధ్య గీత పక్కకి పోయిందా, రంగు నచ్చలేదా, అన్నీ అప్పుడే చెప్పాలి. ఎత్తు కూడా అప్పుడే చూసుకోవాలి. ఎత్తు ఎక్కువైతే మాట్లాడుతుంటే పళ్ళు టకటక కొట్టుకుంటాయి, సాయంత్రానికి దవడలు లాగేస్తాయి. తక్కువైతే గడ్డం ముక్కు దగ్గరికి వచ్చినట్టు ముఖం ముడుచుకుంటుంది, పెదవుల మూలల్లో ఎప్పుడూ తడి చేరి పుండ్లు పడతాయి. స, శ, చ ఉన్న మాటలు పలికిస్తారు, ఆ శబ్దాల దగ్గర పైపళ్ళు కిందిపళ్ళు దాదాపు తాకేంత దగ్గరగా వచ్చి ఆగుతాయి, ఆ సందు ఉందో లేదో అక్కడ తెలుస్తుంది. ఫోన్, ఫ్యాన్ అనమంటారు, పై ముందు పళ్ళ అంచు కింది పెదవిని ఎక్కడ తాకుతోందో చూడటానికి. ఇదంతా జరుగుతున్నప్పుడు మనవాళ్ళు ఏం చేస్తారు? "బాగుందండీ డాక్టర్ గారూ" అని తలూపేస్తారు. మైనం కరిగించి, ఆ జాగాలో గులాబీ రంగు అక్రిలిక్ నింపి వేడి నీళ్ళలో ఉడికించేశాక, అప్పుడు ఇంటికెళ్ళి కోడలు ఏదో అన్నదని, మనవడు నవ్వాడని తిరిగి వస్తారు. అప్పుడు మేం చేయగలిగింది చాలా తక్కువ. మైనం ట్రయల్ రోజున ఇంట్లో ఒకరిని వెంట తీసుకెళ్ళండి, పళ్ళున్నప్పటి పాత ఫొటో ఒకటి పట్టుకెళ్ళండి, అద్దం పట్టుకుని తొందర లేకుండా చూసుకోండి. మరీ తెల్లటి పళ్ళు అడక్కండి అని కూడా చెబుతాను, డెబ్బై ఏళ్ళ ముఖంలో పాల తెలుపు పళ్ళు దూరం నుంచే సెట్టు అని చెప్పేస్తాయి. అయినా అడుగుతారు, వాళ్ళ నోరు వాళ్ళ ఇష్టం.

సెట్టు చేతికి వచ్చాక వెనక్కి తిప్పి చూడండి. బయటి వైపు నున్నగా మెరుస్తుంది, లోపలి వైపు మెరవదు. అది మేం పని ఎగ్గొట్టి వదిలేసింది కాదు. లోపల ఆ మనిషి అంగిలి మీద ఉండే గీతలు, ముడతలు అన్నీ అచ్చు దిగి ఉంటాయి, పాలిష్ పెడితే ఆ అచ్చు పోతుంది, పట్టు కూడా పోతుంది. కరుకుగా ఉందని ఇంట్లో గరుకు కాగితం పెట్టి రుద్దేసినవాళ్ళు ఉన్నారు, అందుకే చెబుతున్నా.

మొదటి వారాల్లో నోటి నిండా ఉమ్మి ఊరుతుంది. నోట్లో ఏదో తిండి ఉందనుకుని శరీరం చేసే పని అది, కొద్ది రోజుల్లో తగ్గుతుంది. మాట తడబడుతుంది. మా అమ్మకి సెట్టు పెట్టించినప్పుడు త, థ, ద, ధ, న దగ్గరే ఎక్కువ ఇబ్బంది పడింది, నాలుక పళ్ళని తాకి పలికే అక్షరాలు కదా మరి, పళ్ళ చోటు మారింది. రోజూ పేపరు పైకి చదవమన్నాను. మీ పేపరే చదివింది, మొదటి పేజీ హెడ్డింగుల నుంచి ఆఖరి పేజీ ఆటల దాకా, వార్తల మీద విసుగుతో సహా. కొద్ది వారాల్లో మాట దారిలో పడింది. తినడం ఇంకాస్త నెమ్మది. మెత్తటివి చిన్న ముక్కలు చేసుకుని మొదలుపెట్టాలి, రెండు వైపులా సమంగా పెట్టుకుని నమలాలి, ఒక పక్కే నమిలితే రెండో పక్క లేస్తుంది. ముందు పళ్ళతో గట్టి పండు కొరకడం సెట్టుతో కుదిరే పని కాదు, కత్తితో కోసుకోవడమే. అంగిలి కప్పుకుపోయి ఉంటుంది కాబట్టి వేడి ఎంతో నోటికి వెంటనే తెలియదు, గొంతు దాకా వెళ్ళాక తెలుస్తుంది, కొత్తలో అది గుర్తుపెట్టుకోవాలి. రుచి పోయిందని కొందరు కంగారు పడతారు, రుచి తెలిసేది ఎక్కువగా నాలుక మీద, అది ఎక్కడికీ పోదు.

పుండ్లు పడటం మామూలే. ఎక్కడో ఒక అంచు ఎక్కువ నొక్కుతూ ఉంటుంది, డాక్టర్ ఆ చోట కాస్త అరగదీస్తే సరిపోతుంది. ఇక్కడ చాలామంది చేసేది రెండు రకాలు. కొందరు ఆకురాయితో, గోళ్ళ ఫైలుతో తామే అరగదీసుకుంటారు, ఎక్కడ నొక్కుతోందో కంటికి కనబడదు కాబట్టి అవసరమైన చోటు వదిలేసి పట్టు ఉన్న చోటు పోగొట్టుకుంటారు. కొందరు నొప్పని తీసేసి, అపాయింట్‌మెంట్ రోజు దాకా పెట్టుకోరు, ఆ రోజుకి పుండు మానిపోతుంది, ఎక్కడ అరగదీయాలో డాక్టర్‌కి తెలియదు. వెళ్ళే ముందు కొన్ని గంటలైనా పెట్టుకుని వెళ్ళాలి, ఎర్రటి మచ్చ కనబడాలి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే. రెండు వారాలైనా మానని పుండు మాత్రం, సెట్టు తీసి పెట్టినా సరే అలాగే ఉంటే, తప్పకుండా చూపించుకోవాలి, నోటి క్యాన్సర్ అలా కూడా మొదలవుతుంది. పళ్ళే లేవు, పళ్ళ డాక్టర్‌తో ఇంకేం పని అనుకుంటారు, పళ్ళు పోయినా చిగుళ్ళు, నాలుక, బుగ్గలు ఉన్నాయి, ఏడాదికోసారైనా వాటిని ఎవరో ఒకరు చూడాలి.

రాత్రి తీసి పెట్టాలి. దీని మీద మాత్రం నేను మొండిగానే ఉంటాను. రోజంతా అదుముకుపోయిన చిగురుకి కాస్త గాలి తగలాలి. రాత్రీ పగలూ పెట్టుకునేవాళ్ళ అంగిలి సెట్టు ఆకారంలోనే ఎర్రగా కందిపోయి ఉంటుంది, నొప్పి ఉండదు కాబట్టి వాళ్ళకే తెలియదు, కాండిడా అనే ఫంగస్ పని అది. జపాన్‌లో 85 ఏళ్ళు దాటిన వృద్ధుల మీద చేసి 2015లో ప్రచురించిన పరిశీలనలో, సెట్టు పెట్టుకునే నిద్రపోయేవాళ్ళకి న్యుమోనియా ముప్పు సుమారు రెండు రెట్లు ఉన్నట్టు కనిపించింది. భార్యకి, భర్తకి కూడా బోసి నోరు చూపించడం ఇష్టం లేక పెట్టుకునే పడుకునేవాళ్ళు ఉన్నారు, ఆ సిగ్గుని నేను తేలిగ్గా తీసుకోను, కనీసం పగలు స్నానం చేసి తయారయ్యే వేళలోనైనా కొన్ని గంటలు తీసి ఉంచమంటాను.

కడగడం తేలికే, తప్పులూ తేలికే. టూత్‌పేస్టు వద్దు, అందులో రుద్దే పదార్థం అక్రిలిక్ మీద సన్నటి గీతలు పెడుతుంది, ఆ గీతల్లో మురికి చేరుతుంది. మెత్తటి బ్రష్, చేతులు కడిగే సబ్బు చాలు. మరిగే నీళ్ళలో వేస్తే వంకరపోతుంది, మళ్ళీ కూర్చోదు. పొడిగా ఆరబెట్టినా కొంత ఆకారం మారుతుంది కాబట్టి రాత్రంతా మామూలు నీళ్ళలో ఉండాలి. లోహం ఉన్న సెట్టయితే బ్లీచింగ్ ద్రావణాలు తగలనివ్వకూడదు. కడిగేటప్పుడు కింద నీళ్ళు నింపిన గిన్నె గానీ తడి తువ్వాలు గానీ ఉంచుకోండి, మా దగ్గరికి వచ్చే విరిగిన సెట్లలో సింకులో జారిపడినవి ఎన్నో. విరిగితే ముక్కలన్నీ ఏరి అలాగే తీసుకురండి. దయచేసి ఇన్‌స్టంట్ గమ్ముతో అతికించకండి, వెంట్రుకవాసి తేడాతో అతుక్కుంటే ఆ తర్వాత మేం కలపబోతే అంచులు కలవవు, రిపేరు అయ్యేది కాస్తా కొత్త సెట్టు ఖర్చవుతుంది. పై సెట్టు సరిగ్గా మధ్యకి రెండు ముక్కలైందంటే, అది కింద పడకుండానే విరిగిందంటే, చుట్టూ ఎముక తగ్గి సెట్టు అంగిలి మధ్య గట్టు మీద ఊగుతోందని అర్థం. అప్పుడు అతికించడం ఒక్కటే చాలదు, వదులు కూడా సరిచేయించాలి.

అంటించే పేస్టులు, పొడులు ఉన్నాయి. పెళ్ళికో ప్రసంగానికో ధైర్యం కోసం కాస్త వాడుకోవడంలో తప్పేం లేదు. రోజుకి ట్యూబులో సగం పిండితే గానీ నిలవడం లేదంటే సెట్టు వదులైందని లెక్క, పేస్టుతో దాచకూడదు. జింక్ ఉన్న పేస్టుని ఏళ్ళ తరబడి విపరీతంగా వాడిన కొందరికి ఒంట్లో రాగి తగ్గిపోయి నరాలు దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి.

అన్ని పళ్ళూ పోయినవాళ్ళ గురించే ఇంతదాకా చెప్పాను. ఒకటో రెండో పోయినవాళ్ళు కనబడని చోటే కదా అని వదిలేస్తారు, పక్క పళ్ళు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి, ఎదురు పన్ను కిందికి దిగుతుంది, తర్వాత పెట్టించుకుందామన్నా చోటు చాలదు. పక్క పళ్ళకి తొడిగి మధ్య ఖాళీని నింపే బ్రిడ్జికి ఆ పళ్ళు అరగదీయాలి, కొక్కేలున్న చిన్న సెట్టుకి అంత అక్కర్లేదు గానీ కొక్కెం పట్టుకున్న పన్నుని రెట్టింపు శ్రద్ధతో తోముకోవాలి, లేకపోతే ముందు పుచ్చేది అదే. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. అన్నీ పీకేసి సెట్టు పెట్టించుకుంటే గొడవ వదిలిపోతుందని వచ్చేవాళ్ళు, కింది దవడలో గట్టిగా ఉన్న రెండు పళ్ళ వేర్లైనా ఉంచుకోవచ్చేమో డాక్టర్‌ని అడగాలి. పైభాగం కోసేసి వేరు ఉంచి, దాని మీద సెట్టు కూర్చోబెట్టే పద్ధతి ఉంది, ఆ వేరున్నంత కాలం అక్కడ ఎముక నిలబడుతుంది. అవీ లేనివాళ్ళకి కింది దవడ ముందు భాగంలో రెండు ఇంప్లాంట్లు వేసి, వాటికి సెట్టుని బటన్‌లా తగిలించే మార్గం ఉంది. 2002లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో కూడిన నిపుణులు కింది దవడకి మొదట ఎంచుకోవాల్సింది ఇదే అన్నారు. మీ వ్యాసంలో ఇంప్లాంట్లూ సెట్లూ ఒకదానికొకటి పోటీ అన్నట్టు రాశారు, ఇక్కడ రెండూ కలిసే పనిచేస్తాయి.

ఇప్పుడు వాషింగ్టన్ సంగతి. ఆయన 1789లో ప్రమాణ స్వీకారం చేసేనాటికి సొంత పన్ను ఒక్కటే మిగిలింది, అది నిజం. ఆయన సెట్లు నీటి గుర్రం దంతం, మనుషుల పళ్ళు, సీసం, లోహపు తీగలతో చేసినవి, పైదాన్నీ కిందిదాన్నీ విడదీసి నెట్టే స్ప్రింగులు ఉండేవి, నోరు మూసి ఉంచడానికే శ్రమపడాలి. చెక్క లేదు. చెక్క సెట్లు నిజంగా చేసినవాళ్ళు జపాన్‌వాళ్ళు, 16వ శతాబ్దం నాటికే నోటికి అతికేలా చెక్కేవాళ్ళు. యూరప్‌లో 1815 వాటర్లూ యుద్ధంలో చనిపోయిన సైనికుల పళ్ళు పీకి సెట్లలో వాడారు. 19వ శతాబ్దం మధ్యలో గట్టిపరచిన రబ్బరు వచ్చాకే సెట్టు మామూలు మనిషికి అందింది, దాని పేటెంటు డబ్బుల కోసం డాక్టర్లని కోర్టుల చుట్టూ తిప్పిన జొసయా బేకన్ అనే కంపెనీ అధికారిని 1879లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక పళ్ళ డాక్టరే కాల్చి చంపాడు. బాక్సు కట్టాలనుకుంటే ఇది కట్టండి, చదువుతారు. ఇప్పుడు మేం వాడే అక్రిలిక్ 1930ల చివర్లో వచ్చింది.

చివరగా, ముసలివాళ్ళని చూసుకునేవాళ్ళ కోసం మీ పేజీలో కొంచెం చోటు ఇవ్వండి. మతిమరుపు జబ్బు వచ్చినవాళ్ళకి కొత్త ఆకారంలో సెట్టు పెడితే నోరు దాన్ని ఒప్పుకోదు, పాత సెట్టునే నమూనాగా తీసుకుని దాని నకలు చేసి లోపలి భాగం మాత్రం సరిచేయొచ్చు, అందుకని పాతది పారేయకూడదు. ఆపరేషన్‌కి మత్తు ఇచ్చే ముందు సెట్టు తీయాలి, తీసింది కాగితంలో చుట్టి దిండు పక్కన పెడితే చెత్తలోకి వెళ్ళిపోతుంది, మూత ఉన్న డబ్బా ఉండాలి, ఆ డబ్బా మీద పేరుండాలి. చిన్న సెట్టు పొరపాటున మింగితే అక్రిలిక్ ఎక్స్‌రేలో సరిగా కనబడదు కాబట్టి మింగారేమో అన్న అనుమానం ఉన్నా డాక్టర్‌కి చెప్పాలి.

సెట్టు మీద కూడా పేరు వేయొచ్చు. బయటికి కనబడని చోట పేరున్న సన్నటి పట్టీ పెట్టి పైన పారదర్శకమైన అక్రిలిక్ పోస్తాం, తయారయ్యేటప్పుడైతే అదనపు శ్రమే లేదు, పాత సెట్టుకైనా కాసేపటి పని. ఒకే గదిలో పదిమంది వృద్ధులుండే చోట ఎవరిది ఎవరికి పెట్టారో తెలియక జరిగే గందరగోళం ఇంతా అంతా కాదు. ఇలా వేస్తామని తెలిసి అడిగినవాళ్ళు మాకు చాలా అరుదు. ఈసారి వేసే వ్యాసానికి ఫొటోలు కావాలంటే చెప్పండి, మైనం దగ్గర్నుంచి పాలిష్ దాకా మా బల్ల మీదే తీసుకోవచ్చు.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక పళ్ళ ల్యాబ్ టెక్నీషియన్